ఇరవై వేళ్లు

"పొడిచింది నేనే సార్. మా తమ్ముడికేం తెలవదు," అన్నాడు ప్రవీణ్.

"వాడు నన్ను కాపాడాలని చెప్తన్నాడు సార్. పొడిచింది నేను," అన్నాడు నవీన్.

సీఐ జయకృష్ణ లాఠీని బల్ల మీద విసిరికొట్టాడు. పొద్దున పదింటి నుంచి ఇదే వరస. ఇద్దరూ కవలలు. అదే ముక్కు, అదే గడ్డం. చెంపల మీద సీఐ చేతివేళ్లు తేలిన వాపు కూడా ఇద్దరికీ ఒక్కలాగే ఉంది.

"కత్తి ఎక్కడ పారేశావురా?"

"సాగర్ కాలవలో," అన్నాడు ప్రవీణ్.

"కంపచెట్లలో," అన్నాడు నవీన్, అదే క్షణంలో.

ముందురోజు సాయంత్రం మిరపతోటలో, బోరు పక్కన, కూలీల మేస్త్రీ వెంకటప్పయ్య కత్తిపోట్లతో చచ్చి పడి ఉన్నాడు. ఎందుకు చంపారంటే మాత్రం అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మాట. వాడు తమ చెల్లి జెస్సీ మీద చెయ్యేశాడు. కత్తి దొరకలేదు. మోటారు స్టార్టర్ డబ్బా మీద నెత్తుటి బొటనవేలి ముద్ర ఒక్కటి దొరికింది.

ఆ ముద్ర తేల్చడానికే నరసరావుపేట నుంచి ఉషను పిలిపించారు. ఆమె వేలిముద్రల నిపుణురాలు. కవలలిద్దరి వేళ్లకూ సిరా పూయించి కాగితాల మీద అద్దించింది. కిటికీ దగ్గర కూర్చుని, రెండు గంటలుగా భూతద్దం మీద నుంచి తలెత్తలేదు.

"ఇంకా ఏంది మేడమ్ చూసేది?" సీఐ ఆమె నెత్తిన నిలబడ్డాడు. "కవలలు. ఎవుడి వేలైనా ఒకటే. ఎవుడిదో ఒకడిదని రాసెయ్యండి. రేపు గురజాల కోర్టులో పెట్టాలి."

ఉషకు ఒళ్లు మండింది.

"కవలలకు మొహాలు ఒకటవుతాయి, వేలిముద్రలు ఒకటి కావు. నేను ఎవరి పేరు పడితే వాళ్ల పేరు రాయడానికి రాలేదు."

బయట వరండాలోంచి ఒక ఆడమనిషి గొంతు బొంగురుపోయి వినిపించింది. "నా బిడ్డలు చెయ్యలేదయ్యా. నన్ను లోపలికి పోనీయండి."

"ఎవరు?" అడిగింది ఉష.

"వీళ్లమ్మ పిచ్చమ్మ," అంది తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ రామలక్ష్మి. "పొద్దున్నుంచి అదే గోల మేడమ్. ఏ తల్లి మాత్రం నా కొడుకే చేశాడంటది?"

ఉష మళ్లీ భూతద్దం మీదికి వంగింది. ఆఖరి వేలు కూడా చూశాక కాగితాలు సీఐ ముందుకు తోసింది.

"చూడండి. వీళ్లిద్దరి వేళ్ల మీద గీతలు రెండే రకాలు. కొన్ని గుండ్రంగా సుడి తిరిగాయి. మిగతావి ఒక పక్క నుంచి వచ్చి, మెలిక తిరిగి, మళ్లీ అదే పక్కకి పోయాయి. డబ్బా మీది ముద్రలో సుడి లేదు, మెలికా లేదు. ఈ పక్క నుంచి వచ్చిన గీత మధ్యలో గట్టులాగా లేచి ఆ పక్కకి దిగింది. దీన్ని ఆర్చ్ అంటారు. వీళ్ల ఇరవై వేళ్లలో ఒక్క ఆర్చ్ కూడా లేదు. ముద్ర వీళ్లది కాదు."

"కాకపోతే వాళ్లే ఎందుకు ఒప్పుకుంటారు?"

"చెంపలు అలా వాచేలా కొడితే ఎవరైనా ఒప్పుకుంటారు."

సీఐ మొహం జేవురించింది. "కొట్టింది ఒప్పుకున్నందుకు కాదు మేడమ్, ఇద్దరూ ఒప్పుకున్నందుకు. పొద్దున్నే వాళ్లంతట వాళ్లే నడిచొచ్చారు. నేను చెయ్యెత్తకముందే ఒప్పుకున్నారు."

ఉష కవలల వైపు చూసింది. నిర్దోషులని తేలితే ఊపిరి పీల్చుకుంటారనుకుంది. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"మళ్లీ చూడండి మేడమ్," అన్నాడు నవీన్. "పనిచేసే చేతులు కదా, గీతలు అరిగిపోయి ఉంటాయి. అది నా వేలే."

ఇప్పుడు ఆమె కోపం వాళ్ల మీదికి తిరిగింది. "ఎవర్ని కాయాలని చూస్తున్నారు మీరు? జీవితాంతం జైల్లో మగ్గుతారు, తెలుస్తోందా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు.

సీఐ టోపీ తీసుకున్నాడు. "సరే, మూడో మనిషి ఉన్నాడన్నమాట. రామలక్ష్మీ, జీపు తియ్యమను. ఆటో షఫీక్‌కీ మేస్త్రీకీ పోయిన వారం కొట్లాట జరిగింది. వాణ్ణి ఈడ్చుకురమ్మను. వేళ్లు తర్వాత చూద్దాం, ముందు వీపు చూద్దాం."

"ముందు వేళ్లే చూడాలి. నేనిక్కడే ఉన్నాను," అంది ఉష లేచి నిలబడి.

ఆ మాట పూర్తికాకముందే పిచ్చమ్మ రామలక్ష్మిని పక్కకు నెట్టుకుంటూ లోపలికొచ్చింది. బక్కపలచటి మనిషి. చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని ఉంది. వచ్చీ రావడంతోనే పెద్దవాడి చెంప మీద ఒకటి, చిన్నవాడి చెంప మీద ఒకటి చెళ్లున కొట్టింది.

"ఎవుడు చెప్పమన్నాడురా మిమ్మల్ని? ఇప్పుడు ఆ సాయిబు బిడ్డను కూడా తీసుకొచ్చి కొడతారంట. ఇంకెంతమందిని కొట్టిస్తారురా నిజం దాచి?"

"అమ్మా, నువ్వు బయటికి పో," ప్రవీణ్ ఏడ్చేశాడు. "అమ్మా, పో."

"ఏయ్ ముసల్దానా, నడువు బయటికి," సీఐ అరిచాడు.

పిచ్చమ్మ కదల్లేదు. ఉష ముందున్న గాజుపలక మీది సిరాలో కుడిచేతి బొటనవేలు అద్ది, తెల్లకాగితం మీద బలంగా నొక్కింది. తర్వాత సీఐ వైపు తిరిగింది.

"పొద్దున్నుంచి వాళ్లు చెయ్యలేదు, వాళ్లు చెయ్యలేదు అని మొత్తుకుంటన్నా. మరి ఎవురు చేశారే అని ఒక్కరైనా నన్నడిగారా అయ్యా?"