ముఖం కప్పిన ఫోటో

“ఆ ఫోటో తీసేయండి టీచర్‌గారూ, మీకు దండం పెడతాను.” ఫోన్లో ఆ తల్లి గొంతు గుసగుసలోకి దిగిపోయింది. “ఎవరికీ చూపించకండి. చూపిస్తే మాకే ఎక్కువవుతుంది.”

“కొడుతున్నదెవరమ్మా? అదొక్కటీ చెప్పండి చాలు,” అంది డ్రాయింగ్ టీచర్.

అవతల ఫోన్ పెట్టేశారు. మళ్లీ చేస్తే స్విచాఫ్.

టీచర్ ట్యాబ్ ముందేసుకుని కూర్చుంది. పొద్దున ఆన్‌లైన్ క్లాసులో పిల్లలంతా తాము గీసిన చేపల్ని ఎత్తి చూపిస్తుంటే, క్లాసంతా పిచ్చుక అని పిలిచే పిల్ల కూడా చెయ్యెత్తింది. చొక్కా చెయ్యి కిందికి జారింది. మోచేతి దాకా వాతలు. కొన్ని నల్లబడ్డాయి, కొన్ని ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ట్యాబ్ అంచునున్న మీటల్ని టీచర్ వేళ్లు తమంతట తామే కలిపి నొక్కేశాయి. తెర ఒక్కసారి తెల్లగా మెరిసింది. ‘చేతికేమైందమ్మా’ అని అడిగితే ‘మెట్ల మీంచి పడ్డాను టీచర్’ అంది పిల్ల, పాఠం అప్పజెప్పినట్టు.

స్క్రీన్‌షాట్ మసగ్గా వచ్చింది. మిగతా పిల్లలెవరూ కనిపించకుండా టీచర్ చుట్టూ కత్తిరించేసింది. వెలుతురు పెంచింది. పెంచినకొద్దీ వాతలు ఇంకా తేలాయి. చూడలేక ట్యాబ్‌ని కాసేపు బోర్లా పెట్టేసింది. మళ్లీ తీసి, వాతల చుట్టూ వేలితో ఎర్రటి సున్నా చుట్టింది. చివరికి పిల్ల ముఖం మీద నల్లరంగు పులిమింది. ఆ నలుపు కింద పిల్ల నవ్వుతూనే ఉంది.

వెనక నుంచి అక్క తొంగిచూసింది. “లోకంలో గొడవలన్నీ నీకే కావాలే! కన్నతల్లికి లేని బాధ నీకెందుకు?”

“బాధ లేక కాదక్కా, నోరు పెగలక.”

“ఇది బయటపడితే నీ క్లాసుకి ఒక్కరైనా పిల్లల్ని పంపుతారా?”

“మానిపిస్తే మానిపించనీ.” టీచర్ చెప్పులేసుకుని బయల్దేరింది.

పోలీస్ స్టేషన్లో బల్ల దగ్గరున్న కానిస్టేబుల్ ట్యాబ్‌ని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు.

“పిల్ల పేరు?”

“క్లాసులో పిచ్చుక అనే పిలుస్తామండి. అసలు పేరు తల్లి చెప్పలేదు. ఆవిడ ఫోన్ నంబరుంది.”

“ఆవిడొచ్చి కంప్లైంట్ ఇస్తుందా?”

“ఇవ్వదండి.”

“ముఖం లేదు, పేరు లేదు, తల్లి రాదు. ఎవరి మీద రాయమంటారమ్మా కేసు, ఈ చెయ్యి మీదా?” ట్యాబ్ ఇవతలికి తోసేశాడు. ఆమె కదల్లేదు. ఇదేదో వదిలే రకం కాదనుకుని, “పిల్లల కేసులన్నీ పెద్దసార్ చూస్తారు. వచ్చేదాకా కూర్చోండి,” అని విసుక్కున్నాడు.

బెంచీ మీద కూర్చుంది. పైన ఫ్యాను తిరగాలా వద్దా అన్నట్టు తిరుగుతోంది. వచ్చేవాళ్లు వస్తున్నారు, పోయేవాళ్లు పోతున్నారు, ఇదేమిటని ఆమెని అడిగినవాళ్లు లేరు. వాకిట్లో ఎండ గోడెక్కింది. ఇంటికి పోదామని లేచింది. పచ్చివాతలు కళ్లముందు మెదిలి మళ్లీ కూలబడింది.

చివరికి పెద్దసార్ వచ్చాడు. ఆమెని లోపలికి పిలిచి, కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టాడు. మధ్యలో ఎక్కడా అడ్డు రాకుండా మొదటినుంచీ విన్నాడు. ఆ రోజంతా తన మాట చివరిదాకా విన్న మనిషి ఆయనొక్కడే అనిపించి ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

“ముఖం కప్పేశారేం?”

“ఆడపిల్ల కదండీ. నలుగురి నోళ్లలో పడుతుందని.”

“మంచి పని చేశారు. కానీ నాకు ముఖం కావాలి. అసలు ఫోటో ఉందా?”

“ఇందులోనే ఉందండి. నేను గీసినవి తీసేస్తే వచ్చేస్తుంది.”

ఒక్కొక్కటే వెనక్కి తీసింది. ఎర్ర సున్నా పోయింది. నల్లరంగు పోయింది. ముందుపళ్లు ఊడిన నవ్వుతో పిచ్చుక బయటికొచ్చింది.

ఆయన చాలాసేపు చూశాడు. “ఇంకెవరికైనా పంపారా?”

“లేదండి. ఇదొక్కటే.”

“తల్లికి తెలుసా?”

“పొద్దున నేనే ఫోన్ చేశానండి. తీసేయమని బతిమాలింది. పాపం ఆవిడనేమీ అనకండి, చాలా భయపడుతోంది.”

“అలాగా.” ఆయన ట్యాబ్ తీసుకున్నాడు. “ఇది నా ఫోన్లోకి పంపించుకుంటాను. మీ దగ్గర మాత్రం ఉంచుకోకండి. చిన్నపిల్లల ఫోటోలు, రేపు కోర్టులో మీ మెడకే చుట్టుకుంటాయి.” ఏవేవో నొక్కాడు. ఆమె చూస్తుండగానే ఫోటో తీసేశాడు. తీసేసినవి పోయి చేరే చోటుకీ వెళ్లి అక్కడా తుడిచేశాడు. ఇలాంటి కేసులెన్ని చూస్తే ఇంత జాగ్రత్త వస్తుందో అనుకుంది టీచర్.

“ఇక మీరు నిశ్చింతగా వెళ్లండి. ఇవాళే ఆ ఇంటికి వెళ్తాను.”

“ఇవాళేనా?” ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. రెండు చేతులూ జోడించింది.

ఆయన లేచి, గుమ్మం దాకా వచ్చి, తనే తలుపు తీసి పట్టుకున్నాడు.

“రేపటినుంచి పిచ్చుక మీ క్లాసుకి రాదు టీచర్‌గారూ,” అన్నాడు అదే మెత్తటి గొంతుతో. “మా పిల్లకి ఇంట్లో నేనే నేర్పుకుంటాను.”