అమ్మణ్ణి పథ్యం

"మీ ఇంటి సంగటి ఏమన్నా పెట్టినావా దీనికి?" అన్నాడు పశువుల డాక్టరు ఆదినారాయణప్ప, కుక్కపిల్ల పొట్ట మీంచి చెయ్యి తియ్యకుండానే.

"లేదు సామీ. దొరసాని చెప్పిందే పెట్టినాను. పాలు, రొట్టె," అన్నాడు బంగళా వంటమనిషి పిల్లప్ప.

"అదే తప్పు. దీనికి పాలు పడవు. ఇంక ఒక్క చుక్క కూడా పొయ్యొద్దు. పాత బియ్యం మెత్తగా గంజి కాచి పెట్టు. కోడి ఉడికించిన నీళ్లమీద తేలే కొవ్వంతా తీసేసి, ఆ నీళ్లు కొంచెం కలుపు. అంతే."

కుక్కపిల్ల వరండాలో చాప మీద పడి ఉంది. పక్కటెముకలు తేలాయి. విరేచనమై తోక కింద మళ్ళీ తడిసింది. పిల్లప్ప పెళ్ళాం మునిలక్ష్మి తడిగుడ్డ తెచ్చి తుడిచి, దాన్ని కొంగులో చుట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. దొరలు దానికి డెయిజీ అని పేరు పెట్టారు. ఆమె మాత్రం అమ్మణ్ణీ అనే పిలుస్తుంది.

లోపల దొరసాని పెట్టెలు సర్దిస్తోంది. దొరల రాజ్యం పోయింది. దండులో, ఆ కంటోన్మెంటులో, ఒక్కొక్క బంగళా ఖాళీ అవుతోంది. ఆమె గుమ్మం దాకా వచ్చి, తనకొచ్చిన అరకొర మాటల్లో చెప్పింది.

"ఆదివారం రైలు. తర్వాత ఓడ. డెయిజీ బాగుంటే మాతో. బాగు కాకుంటే ఇక్కడే."

చెప్పి గబుక్కున లోపలికి వెళ్లిపోయింది.

రేషన్ బియ్యం ముతకవి. సగం రాళ్లు. పిల్లప్ప బళేపేట దాకా నడిచి, తెలిసిన అంగడాయనను బతిమాలి, పాత సన్నబియ్యం తుండుగుడ్డలో మూటకట్టుకుని వచ్చాడు. సన్నసెగ మీద గంజి కాచాడు. గరిటెతో మెదిపి, గుడ్డలో వడకట్టి, చల్లార్చి, వేలికి రాసుకుని నాకించాడు. కుక్కపిల్ల మొదట మొహం తిప్పుకుంది. తర్వాత వేలంతా నాకింది.

"చూడే, తింటావుండాది," అన్నాడు సంబరంగా.

మునిలక్ష్మి కుక్కపిల్ల తల నిమిరి, బంగళా వెనకనున్న తమ గదికి ఎత్తుకుపోయింది. రోజూ సాయంత్రం నుంచి తెల్లారేదాకా అది ఆమె దగ్గరే.

పొద్దున లేచి చూస్తే గోనెపట్టా అంతా పాడు.

గంజి ఇంకా పలచన చేశాడు. కోడినీళ్లు మానేశాడు. ఒకరోజు సగ్గుబియ్యం జావ కాచాడు. ఇంకోరోజు రాగులు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలనే కాచి పెట్టాడు. దానిమ్మ తొక్క ఎండబెట్టి నూరి చిటికెడు కలిపాడు. ఏది పెట్టినా పగలంతా కాస్త తేరుకుని, కాళ్ల చుట్టూ తిరిగేది. తెల్లవారేసరికి మళ్ళీ అదే. చివరికి లేచి నిలబడే ఓపిక కూడా పోయింది.

"నాతో కాదింక," అన్నాడు పిల్లప్ప పొయ్యి ముందు కూలబడి. "ఇంతమంది దొరలకి వండి పెట్టినాను. ఈ పిడికెడు ప్రాణికి సరిపొయ్యేది ఏందో తెలీలేదు."

"పోనీలేయ్యా. ఓడెక్కకుంటే ఏమి? ఆ దొరల సీమలో చలికి తట్టుకుంటాదా అది? నాలుగు దినాలు పోతే అదే సర్దుకుంటాది," అంది మునిలక్ష్మి.

"ఎక్కడుంటే ఏమే. బతికితే సాలు," అన్నాడు. ఆ పూట అతను అన్నం ముట్టలేదు.

శనివారం డాక్టరు మళ్ళీ వచ్చాడు. పొట్ట నొక్కి చూశాడు. కనురెప్ప ఎత్తి చూశాడు. దొరతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. దొర తల ఊపి లోపలికి పోయాడు.

"ఏమన్నారు సామీ?" అడిగాడు పిల్లప్ప.

ఆదినారాయణప్ప అతని మొహం చూడలేదు. "ఓడలో బతకదంట. జబ్బుదాన్ని వీధిలో వదిలేసి పోవడం వాళ్లకి ఇష్టం లేదంట."

"వీధిలో ఎందుకు సామీ? మేము ఉండాము గదా. మేము సాకుతాము."

"నేనూ అదే చెప్పినానప్పా. జబ్బు కుక్కని ఎవరికీ ఇచ్చిపోరంట. అది దయ కాదంట."

దొర తుపాకీతో బయటికి వచ్చాడు. మునిలక్ష్మి ఒళ్లో ఉన్నదాన్ని మెల్లగా, పసిబిడ్డను అందుకున్నట్టు అందుకున్నాడు. ఆమె చేతులు అట్లాగే చాచి ఉండిపోయాయి. కుక్కపిల్ల దొర చొక్కా బొత్తాం వాసన చూసి తోక ఆడించింది. మేడ మీద దొరసాని కిటికీ మూసుకుంది.

కారు షెడ్డు వెనకనుంచి ఒక్క చప్పుడు వినబడింది. చెట్ల మీది కాకులన్నీ ఒక్కసారి లేచి అరిచాయి.

తోటమాలి పార పట్టుకుని అటు నడిచాడు. డాక్టరు సైకిలు తీసుకుని ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

పిల్లప్ప వంటింటి మెట్టు మీద కూర్చున్నాడు. పొయ్యి మీద పొద్దున కాచిన గంజి అట్లాగే ఉంది. దాన్ని చూడగానే అతనికి దుఃఖం ఆగలేదు. కుడిచేత్తో నుదురు కొట్టుకోసాగాడు.

"ఈ చేతి వంటే దాన్ని సంపేసిందే. ఏది పెట్టాల్నో తెలుసుకోలేకపోయినాను. నా చేతిలోనే ఏమో పాపం ఉండాది."

మునిలక్ష్మి వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. కొట్టుకోనివ్వలేదు.

"నీ చేతిని ఏమీ అనుకోవద్దయ్యా. నీ గంజి దానికి బాగానే అరిగింది. బాగైతే తీసుకుపోతారని, దినమూ రాత్రిపూట పాలు తాపింది నేను."