రోజుకో అరలీటరు

"నీళ్లు వాటంతటవి మాయం కావు. ఈ ఇంట్లో ఎవరో తీస్తున్నారు" అన్నాడు బాయిలర్ మెకానిక్ బ్రూనో, రిపోర్టు కాగితం మీద పెన్ను పెట్టి.

సుమంత్‌కి ఒళ్లు మండిపోయింది. డ్యూసెల్‌డార్ఫ్‌లో ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగితే దొరికిన ఫ్లాట్ ఇది. ఈ జనవరి చలిలో హీటింగ్ నాలుగు రోజులు పనిచేస్తే ఐదో రోజు మొండికేస్తోంది. వంటింటి గోడకున్న బాయిలర్‌లో నీళ్ల ప్రెషర్ ఒకటిన్నర బార్ దగ్గర ఉండాలి. నింపిన నాలుగు రోజులకే ముల్లు అరకి దిగిపోతోంది. బ్రూనో రావడం ఇది మూడోసారి. పైపులు తడిమాడు, గోడలకి మిషన్ పెట్టి చూశాడు, ఎక్కడా చుక్క తడి లేదు. ఇప్పుడతను తప్పు అద్దెకున్నవాళ్లదని రాశాడంటే ఓనరమ్మ ఖాళీ చెయ్యమని నోటీసు పంపుతుంది. పంపుతానని నిన్నే మెయిల్ కూడా పెట్టింది.

"ఎవరు తీస్తారు? తీసి ఏం చేసుకుంటాం?" అన్నాడు సుమంత్, వచ్చిన జర్మన్‌నంతా కూడగట్టుకుని.

"అది మీకే తెలియాలి. నా లెక్క ప్రకారం రోజుకో అరలీటరు పోతోంది."

ఆ మాట కంటే సుమంత్‌ని ఎక్కువ బాధపెడుతున్నవి బ్రూనో బూట్లు. వీధిలోని మంచూ బురదా వేసుకుని తిన్నగా వంటింట్లోకే వచ్చాడు మహానుభావుడు. సుమంత్‌కి అసలే రోత ఎక్కువ. ఆఫీసులో తలుపు పిడిని టిష్యూతో పట్టుకుంటాడు, ఒకరి సీసాలో నీళ్లు ఛస్తే తాగడు. అలాంటి అల్లుణ్ణి చూసి మురిసిపోయే మనిషి ప్రపంచంలో ఒక్కరే, అత్తగారు ఆండాళ్. కొత్త సంవత్సరానికి తిరుపతి నుంచి దిగారు. మడి కట్టుకుంటే వంటింట్లో గాలి కూడా ఆవిడని అడిగే కదలాలి. ఇవాళ బూట్లను చూసి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పొయ్యి దగ్గరున్న తన గిన్నెలు ఓ పక్కకి జరుపుకున్నారు.

"ఆ నీళ్లు ఎలా ఉంటాయో నాకు చూపించు" అన్నాడు సుమంత్.

బ్రూనో బాయిలర్ కింద ఉన్న చిన్న ఇత్తడి కుళాయి దగ్గర బకెట్ పెట్టి తిప్పాడు. వేలికేదో పసుప్పచ్చగా అంటింది. తుప్పనుకుని గుడ్డకి తుడుచుకున్నాడు. కుళాయి బుసకొట్టి, బకెట్లోకి నల్లటి నీళ్లు వదిలింది. కుళ్లిన గుడ్ల కంపూ తుప్పు వాసనా కలిసి వంటిల్లంతా కమ్మేసింది.

సుమంత్ రెండడుగులు వెనక్కేసి ముక్కు మూసుకున్నాడు. "ఛీ! ఛీ! ఏంటీ మురుగు?"

"గదులు వేడెక్కించే రేడియేటర్లలో ఏళ్ల తరబడి అవే తిరుగుతుంటాయి, ఇలాగే ఉంటాయి. తుప్పు పట్టకుండా మందు కూడా పోస్తాం."

"ఈ రోత మా ఇంటి గోడల్లో తిరుగుతోందా!" సుమంత్ ముక్కు మూసుకునే ఫోన్ తీసి బకెట్‌ని నాలుగు ఫోటోలు కొట్టాడు. "చూడు బ్రూనో, దీన్ని మనిషన్నవాడు ముట్టుకుంటాడా? కుక్కకి పోసినా తాగదు! అలాంటిది మేం తీస్తున్నామంటావా? బాయిలర్ పాతదైపోయిందని రాయి. అదీ న్యాయం."

బ్రూనో బకెట్ వంక చూశాడు, సుమంత్ మొహం వంక చూశాడు. అతనికీ నిజమే అనిపించినట్టుంది. "సరే, అలాగే రాస్తాను" అన్నాడు.

సుమంత్‌కి ప్రాణం లేచొచ్చింది. అల్లుడు గొంతు చించుకోవడం చూడలేక ఆండాళ్ అప్పుడే పొద్దున దింపిన డికాక్షన్‌తో కాఫీ కలిపి తెచ్చారు. ఇంట్లో కాఫీ తాగేది అతనొక్కడే. ఆవిడ పాలు తప్ప ముట్టరు, భార్య గీతికకి టీ లేకపోతే తెల్లారదు. అత్తగారు వచ్చాక రోజుకి మూడు గ్లాసులు. తారులాంటి డికాక్షన్, ఇనప మూకుట్లో కాచినట్టుండే ఆ రుచి, అబ్బ! సుమంత్ ఊదుకుంటూ తాగి, అడుగున మిగిలిన నురగ కూడా వదల్లేదు. అప్పటికి గానీ బకెట్ తాలూకు వికారం తగ్గలేదు.

"కానీ ఈ తుప్పు చిత్రంగా ఉంది" అన్నాడు బ్రూనో, గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని. "కూర వాసనొస్తోంది."

సుమంత్ వంగి చూశాడు. ఇత్తడి కుళాయికి పసుపు రాసి ఉంది. మధ్యలో కుంకుమ బొట్టు.

"అత్తయ్యగారూ... దీనికి పసుపెవరు రాశారు?"

"నేనే బాబూ. ఈ ఇంట్లో ఎంగిలి కాని కుళాయి అదొక్కటేగా. సింకు దగ్గర అంట్లు తోముతారు. ఆ కెటిల్‌లో మీ ఆవిడ గుడ్లు ఉడకేస్తుందట, రామ రామ! ఇదైతే ఎవరూ ముట్టరు. మా అమ్మమ్మగారి రాగి బాయిలర్‌లాగే, తిప్పితే చాలు, వేడివేడి నీళ్లు."

సుమంత్ ఖాళీ గ్లాసుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏమంటున్నారావిడ?" అన్నాడు బ్రూనో, పెన్ను ఆపి.

"మొదట్లో నల్లగా వస్తుంటే నేనూ జంకాను" అన్నారు ఆండాళ్, ఖాళీ గ్లాసు చూసి తృప్తిగా, "కానీ ఆ నీళ్ల మహిమ ఏమిటో గానీ బాబూ, సగం పొడికే డికాక్షన్ ఎంత చిక్కగా దిగుతోందో!"