పోయినేడాది తేదీ

కంప్యూటర్‌లో ఏ సైటూ తెరుచుకోవడం లేదంటే, కోడలు నా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సెక్యూర్ కనెక్షన్ కుదరట్లేదట. సైట్లు చూపించే గుర్తింపు సర్టిఫికెట్‌ని నమ్మనంటోంది... అయ్యో మామయ్యా, తేదీ చూశారా? మీరింకా పోయినేడాదిలోనే ఉన్నారు! అప్పటికి ఈ సర్టిఫికెట్లు పుట్టనేలేదు, పాపం అదెలా నమ్ముతుంది?"

నవ్వుతూ తేదీ సరిచేసింది. అన్నీ చకచకా తెరుచుకున్నాయి.

"మళ్లీ వెనక్కి తిప్పెయ్యమ్మా," అన్నాను.

"ఎందుకండీ?"

తేదీని నేనే మళ్లీ పోయినేడాదికి తిప్పాను. పోయేముందు మా ఆవిడ ఆ ఒక్క ఏడాదికి సరిపడా రాసిపెట్టిన రిమైండర్లలో ఈ రోజుది తెరమీదికి వచ్చింది.

"ఏవండీ, మాత్ర వేసుకున్నారా? అబద్ధాలొద్దు."

కోడలు లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

"సైట్లు ఫోన్లో చూసుకోండి మామయ్యా. ముందు అత్తయ్యకి జవాబు చెప్పండి."