గబ్బిలం గడి

"సరిగ్గా తినడం లేదా? చిక్కి సగమయ్యావు."

"తింటున్నానమ్మా. ముందు ఇది చూడు." పాప నోటుబుక్కు తెరిచి బల్ల మీద పెట్టింది.

నెలకోసారి అరగంట. అందులో ఐదు నిమిషాలు పాప జడ విప్పి మళ్ళీ వేయడంలోనే పోయాయి. ఎవరు వేస్తున్నారో గానీ, ఎలకతోకలా ఉంది. చుట్టూ ఇంకో నలుగురు అమ్మలు, వాళ్ళ పిల్లలు, ఒకటే గోల. తలుపు దగ్గర మేడమ్ గడియారం చూసుకుంటోంది.

పేజీ నిండా గడులు గీసి ఉన్నాయి. ఒకవైపు ఆక్టోపస్. ఇంకోవైపు గుహల్లో గుంపులుగా ఉండే తోక గబ్బిలం. తేడాలు రాసి సోమవారం టీచరుకి చూపించాలట. ఏడో తరగతితో బడి మానేసిన అమ్మ కూడబలుక్కుని చదివింది.

"ఈ ఆక్టోపస్‌కి వెన్నెముక లేదా?"

"లేదు. ఎటు కావాలంటే అటు వంగిపోతుంది."

"అచ్చం మీ నాన్నే."

"మూడు గుండెలు కూడా ఉంటాయి."

"అయితే మీ నాన్న కాదులే."

ఇద్దరూ పకపకా నవ్వారు.

చివరి వరసలో 'తల్లి' అని ఉంది. ఆక్టోపస్ గడిలో, "మంచిది. తిండి మానేసి గుడ్లకి కాపలా కాస్తుంది." గబ్బిలం గడిలో ఒకటే మాట. "చెడ్డది."

అమ్మ నవ్వు ఆగిపోయింది.

"పాపం, అదేం చేసిందే?"

"పిల్లని గుహలో వదిలేసి ఎటో పోతుందిగా."

"ఎటో కాదు తల్లీ, మేతకి." పక్కన అతికించిన పాఠం మీద వేలు పెట్టింది అమ్మ. "ఇదిగో, చూడు. అన్ని వేల పిల్లల్లోనూ తన పిల్ల గొంతు గుర్తుపట్టి దాని దగ్గరికే వస్తుందట."

"ఎప్పుడొస్తుంది?"

"వస్తుంది."

"అదే, ఎప్పుడు?"

అమ్మ రబ్బరు తీసుకుని ఆ "చెడ్డది"ని చెరపసాగింది. కాగితం చిరిగేలా ఉంది.

"మరి ఏం రాయను?"

"నీకేమనిపిస్తే అది."

పాప పెన్సిలు కొరుకుతూ చాలాసేపు ఆలోచించింది. అమ్మ ఆ గడి వైపే చూసింది.

"తెలీదు" అని రాసింది పాప.

బెల్లు మోగింది. "టైమైపోయింది, లేవండి" అంది మేడమ్.

గేటు బయట నిలబడ్డ పిన్ని చెయ్యి పట్టుకుని పాప ఇంటికి వెళ్ళిపోయింది. అమ్మ ఆ నలుగురు అమ్మలతో పాటు ఖైదీల వరసలో నిలబడి తన నంబరు చెప్పింది.