ముదురు నీలం జాకెట్టు

తెల్ల జాకెట్టా, ముదురు నీలమా అన్న గొడవ పొద్దున మొదలై పదకొండైనా తెమల్లేదు.

ఇంటిల్లిపాదీ కలిసి తీస్తున్న సినిమా అది. కూతురు దర్శకురాలు, కొడుకు కెమెరా, తండ్రి వంట. నటించేవాళ్ళు దొరక్క ముఖ్యపాత్ర తల్లి మీద పడింది.

కథ ఒక ఉత్తరంలోది. కూతురు పత్రికాఫీసులో పనిచేసినప్పుడు పేరూ ఊరూ లేకుండా వచ్చింది. కన్న పదో రోజున బిడ్డను వేరేవాళ్ళ చేతుల్లో పెట్టి, ఒంటరిగా బస్సెక్కిన ఒకామె రాసుకున్నది.

ఆమె ఎక్కడున్నా ఈ సినిమా చూసి, అవును, ఇలాగే జరిగింది అనుకోవాలి. కూతురి పంతం అదొక్కటే. అందుకే ఆ ఉత్తరాన్ని హాల్లో అద్దానికి అంటించింది. తల్లి రోజూ చదివి నోటికి తెచ్చుకుంది.

ఆ బస్సు సీను కోసమే జాకెట్టు. తెలుపైతే తెర మీద బాగుంటుందని కొడుకు. నీలంలో మీ అమ్మ కాస్త సన్నగా కనిపిస్తుందని తండ్రి.

మూలన మిషను దగ్గర టైలరమ్మ తలెత్తింది. వీధి చివర చిన్న కొట్టు ఆమెది. సినిమా బట్టల కోసం నాలుగు రోజులుగా ఇక్కడికే వచ్చి కుడుతోంది.

"నీలమే వేసుకుంటుందమ్మగారూ. బాలింత కదా. తెల్లదైతే పాల మరక బస్సులో అందరికీ తెలిసిపోతుంది."

తల్లికి చిర్రెత్తింది.

"పెళ్ళీ పెటాకులూ లేనిదానివి, బాలింత సంగతి నీకేం తెలుసు?"

కొడుకు నవ్వాడు. తండ్రీ నవ్వాడు.

"నిజమేనమ్మగారూ," అని టైలరమ్మ సూదిలోకి దారం ఎక్కించుకుంది.

మధ్యాహ్నం టైలరమ్మ అద్దం ముందు చాలాసేపు నిలబడిపోయింది. అందం చూసుకున్నది చాలు, హుక్కులు కుట్టమంది తల్లి. కుట్టింది. బట్టలన్నీ సంచిలో సర్దిపెట్టి వెళ్ళింది.

సీను తెల్ల జాకెట్టుతోనే తీశారు. తల్లి వెక్కి వెక్కి ఏడ్చింది.

నెల తర్వాత సినిమాను టీవీకి తగిలించి చూసుకున్నారు. బస్సు సీను రాగానే ఎవరూ ఎవరి వంకా చూడలేదు.

"అంతా కుదిరింది. ఇదొక్కటే అబద్ధంలా ఉంది," అంది కూతురు. "ఆవిడకి ఏ ముఖంతో చూపించను?"

తల్లి లేచి, సినిమా బట్టలు పెట్టెలో సర్దబోయింది. సంచి అడుగున కాగితంలో చుట్టిన జాకెట్టు ఒకటి తగిలింది. ముదురు నీలం. ఎవరూ కుట్టమన్నది కాదు. దానికి పిన్నుతో గుచ్చిన చీటీ.

'బస్సులో ఏడవకూడదు. పమిట గట్టిగా అదిమి పట్టుకుని కూర్చోవాలి.'

తల్లి ఆ చీటీ పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్ళింది. చీటీని ఉత్తరం పక్కన పెట్టి, రెండు చేతిరాతలూ చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడింది.

తర్వాత, కొలతకిచ్చిన ఆది జాకెట్టు తెమ్మని కొడుకును టైలరమ్మ కొట్టుకు పంపింది. పావుగంటలో తిరిగొచ్చాడు. కొట్టు ఖాళీ చేసి మూడు వారాలైందట. ఎక్కడికి వెళ్ళిందో ఎవరికీ తెలియదట.

తల్లి నీలం జాకెట్టు వేసుకుని హాల్లోకి వచ్చింది. ఎక్కడా బిగుతు లేదు, వదులు లేదు.

"రేపు ఆ సీను మళ్ళీ తీస్తున్నాం," అంది నెమ్మదిగా, అందరికీ వినబడేలా. "నేను ఏడవను. ఉత్తరం రాసినావిడ చెప్పినట్టే చేస్తాను."

"ఆవిడ మనకెప్పుడు చెప్పిందమ్మా?"

తల్లి తల ఎత్తలేదు.

"ఆ మూల మిషను దగ్గర కూర్చుని చెబితే, మనమే నవ్వాం."