కదలని నాలుగు డిగ్రీలు

సాతంరాయి దగ్గరి మందుల శీతల గిడ్డంగిలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్నది ఇద్దరే. సర్వర్ గదిలో ఇంజనీరు పూర్ణిమ, బయట వాచ్‌మన్ మల్లేశ్వర్. ఎయిర్‌పోర్టులో దిగే విమానాల మోత ఆగినప్పుడల్లా ఆమెకు ఫ్యాన్ల హోరు ఒక్కటే తోడుగా మిగిలేది.

ఆరు గదుల్లోనూ నాలుగు డిగ్రీలని తెర చూపిస్తోంది. గంట క్రితమూ అంతే. ఒక్క అంకె కూడా కదలలేదు.

కొత్త డిస్కు పనిచేయాలని, ఆ పాత సర్వర్ మీద సాయంత్రం తనే కొత్త కెర్నల్‌ను, అంటే సర్వర్‌ను నడిపే మూల ప్రోగ్రామును, ఎక్కించింది. సెన్సర్లను, తాళాలను సర్వర్‌తో కలిపే పాత డ్రైవర్ ప్రోగ్రాములు దానితో కలవవని సీనియర్ చెప్పినా వినలేదు. అంటే అప్పటినుంచీ సెన్సర్లు, తలుపుల తాళాలు సర్వర్‌కు అందడమే లేదు; తెర మీదున్నవి సాయంత్రపు అంకెలే.

ఫోన్ మోగింది. మల్లేశ్వర్.

"అక్కా, ఆరో గదిల నుంచి ఎవరో తలుపు కొడుతున్నట్టుంది. జర తాళం తియ్యుండ్రి."

"సాయంత్రం నుంచి ఆ గదిలకు ఎవ్వరు పోలేదన్నా. రికార్డుల ఒక్క పేరు గూడ లేదు."

ఆ రికార్డు రాసేదీ ఈ సర్వరేనని మాట పూర్తయ్యేలోపే ఆమెకు గుర్తొచ్చింది.

పాత కెర్నల్‌ను ఎంచుకుని సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టింది. తెర నల్లబడింది. ఫోన్లో తలుపు కొట్టే ఆ చప్పుడు ఆమెకూ వినిపించింది. ముందు మూడు దెబ్బలు, కాసేపాగి రెండు, చాలాసేపటికి ఒకటి.

అంకెలు తిరిగొచ్చాయి. ఆపమని చెప్పే సెన్సర్ లేక సాయంత్రం నుంచీ చల్లబడుతూనే ఉన్న ఆరో గదిలో మైనస్ పద్దెనిమిది. ఆమె తెరిచే ఆదేశమివ్వగానే అటువైపు తాళం టక్కున తెరుచుకుంది.

"తలుపు తీసినవా అన్నా? లోపల ఎవరు?"

బరువైన తలుపు జరిగిన చప్పుడు ఫోన్లో వచ్చింది. ఆ తర్వాత మల్లేశ్వర్ ఊపిరి మాత్రం వినబడుతోంది. దాని పక్కన ఇంకో ఊపిరి కోసం ఆమె చెవి ఒగ్గి అలాగే ఉండిపోయింది.